తమ్ముడికి కిరాణా కొట్టు పెట్టించాలనుకుంటున్న అక్కకు

అమ్మా, మీ ప్రశ్న పొడుగ్గా ఉంది. తర్వాత వచ్చి చదివేవాళ్లకు కూడా తెలియాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీ తమ్ముడికి 28 ఏళ్లు. చిన్నప్పటి నుంచి రెండు కాళ్లూ పనిచేయవు, సర్టిఫికెట్‌లో 80 శాతం వైకల్యం అని ఉంది. ఇంటర్ చదివాడు. కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో అమ్మానాన్నలతో ఉంటున్నాడు, నెలకు 6,000 పింఛను వస్తోంది. మీరు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కొంత డబ్బు దాచారు. దానికి లోను కలిపి అతనికి కిరాణా కొట్టు పెట్టిద్దామని మీ ఆలోచన. ఉన్న పింఛను కూడా పోతుందేమోనని అమ్మకు టెన్షన్. ఏ పథకంలో లోను వస్తుంది, ఊళ్లో అతన్ని ఎవరూ లెక్కచేయకపోతే ఏం చేయాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు నడిచిన రోజుల్లో కర్నూలు జిల్లాలో మండల వికలాంగుల సమాఖ్యలతో పనిచేశాను. ఆ తర్వాత కూడా ఈ పని వదల్లేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను, లోను సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నాకు కనిపించని విషయం ఒకటుంది. మీరేమనుకుంటున్నారో రాశారు, అమ్మ భయం రాశారు, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు, కొట్టు పెట్టించండి" అన్న మేనమామ సలహా కూడా రాశారు. మీ తమ్ముడు ఏం చేయాలనుకుంటున్నాడో ఒక్క వాక్యం కూడా లేదు. అతనికి కిరాణా అంటే ఇష్టమా? లెక్కలు చూడగలడా? రోజంతా జనంతో మాట్లాడటం అతనికి సరదానా, విసుగా? ముందు ఇది కనుక్కోండి. ఫోన్లో అమ్మ పక్కన ఉండగా అడగొద్దు. అమ్మ ఎదుట "మీ ఇష్టం అక్కా" అంటాడు.

ఇక పింఛను. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని ఇస్తారు కదా, ఆ డబ్బు ఎవరి చేతిలోకి వెళ్తుంది? నేను చూసిన ఇళ్లలో చాలావాటిలో వేలిముద్ర అతనిది, డబ్బు తల్లిది. ఆమె దుర్మార్గురాలని కాదు, ఇల్లు ఆమే నడపాలి మరి. కానీ రీచార్జికి అడుక్కునే ముప్ఫై ఏళ్ల మనిషికి, ఉన్నట్టుండి లక్ష రూపాయల సరుకు అప్పగిస్తే ఏమవుతుంది? అడిగినవాళ్లందరికీ అరువు ఇస్తాడు, లేదా గల్లాపెట్టె దగ్గర నాన్న కూర్చుంటాడు. రెండోది ఎక్కువగా జరుగుతుంది. బోర్డు మీద పేరు కొడుకుది, కొట్టు నాన్నది. అందుకే ఏ పెట్టుబడీ పెట్టకముందే కొన్ని నెలల పాటు పింఛను మొత్తం అతని చేతికే ఇచ్చి, అతని ఖాతాలోనే వేసుకోనివ్వండి. అందులోంచి ఇంటికి ఎంత ఇవ్వాలో అతనే ఇవ్వనివ్వండి. ఏటీఎం కార్డు, యూపీఐ అతని ఫోన్లోనే ఉండాలి. బ్యాంకులో ఎవరైనా "జాయింట్‌గా తండ్రి పేరు పెట్టండి" అంటే అవసరం లేదని చెప్పండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ఆస్తి కలిగి ఉండటం, డబ్బు వ్యవహారాలు సొంతంగా చూసుకోవడం, బ్యాంకు రుణం పొందడం అందరితో సమానంగా ఉన్న హక్కులని స్పష్టంగా చెబుతోంది. (చూపు లేనివాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం: చెక్కుబుక్కు, ఏటీఎం, లాకరు ఇవ్వకుండా ఆపకూడదని రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పటికీ కొన్ని శాఖల్లో తెలియనట్టే నటిస్తారు. ఆ సర్క్యులర్ కాపీ జేబులో పెట్టుకుని వెళ్లండి.)

ఇప్పుడు కిరాణా కొట్టు లెక్క చూద్దాం. మీది చిన్న పల్లె, ఇప్పటికే రెండు కొట్లు ఉన్నాయని రాశారు. మూడో కొట్టుకు రోజుకు 2,000 రూపాయల అమ్మకం వస్తుందనుకుందాం, అదే గొప్ప. ప్యాకెట్ సరుకుల్లో నూటికి పది మిగిలితే ఎక్కువ. అంటే రోజుకు 200, నెలకు 6,000. నెలంతా కూర్చుంటే వచ్చేది సరిగ్గా పింఛనంత. లక్ష రూపాయలు నూటికి 12 వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే నెల కిస్తీ 3,300 దాటుతుంది. మిగిలిన 2,700లోంచి కరెంటు బిల్లు, ఎలుకలు కొట్టినవి, తారీఖు దాటిపోయినవి, తిరిగిరాని అరువు అన్నీ పోవాలి. కొట్టు వద్దని నేననడం లేదు. మూడో కిరాణా కొట్టు వద్దంటున్నాను.

పాతకాలం ఎస్టీడీ బూత్‌లు గుర్తున్నాయా? వాటి కేటాయింపులో అప్పట్లో వికలాంగులకు ప్రాధాన్యం ఇచ్చేవాళ్లు. బస్టాండుల్లో, ఆసుపత్రుల ముందు, కాలేజీ గేట్ల దగ్గర ఎంతోమంది ఆ పసుపు బోర్డుల కింద కూర్చుని సంసారాలు నడిపారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. అది ఎందుకు నడిచిందో ఆలోచించండి. బరువులెత్తే పని లేదు. కూర్చున్నచోటు నుంచి కదలక్కర్లేదు. మీటరు చూపించిన డబ్బు అక్కడికక్కడే చేతిలో పడుతుంది, అరువు మాటే లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఆ బూత్‌తో పని పడేది. కొడుకు గల్ఫ్‌లో ఉన్న ముసలమ్మ వచ్చి అక్కడే కూర్చునేది, ఫోన్ ఎప్పుడొస్తుందో బూత్ అబ్బాయికే తెలుసు. సెల్‌ఫోన్లు వచ్చాక బూత్‌లన్నీ మూతపడ్డాయి, వాళ్లలో చాలామంది మళ్లీ ఇంటి అరుగు మీదికి చేరారు. ఆ తర్వాత జిరాక్స్ మిషన్లు ఇప్పించడం మొదలైంది. పల్లెలో రోజుకు ఎన్ని జిరాక్సులు తీస్తారు చెప్పండి? ఇప్పుడు ఆ పని కూడా సచివాలయంలో అయిపోతోంది.

కాబట్టి పని వెతికేటప్పుడు ఆ బూత్‌కు ఉన్న లక్షణాలు ఏ పనికి ఉన్నాయో చూడండి. నాకు తోచినంతలో మీ తమ్ముడి చదువుకి, వయసుకి ఫోన్ రిపేరు పని బాగుంటుంది. కూర్చుని చేసేది, విడిభాగాలు చిన్నవి, చెడిపోయే సరుకు కాదు, టెంపర్డ్ గ్లాసు, ఛార్జరు లాంటి సామాన్లలో బిస్కెట్ ప్యాకెట్ కంటే ఎక్కువే మిగులుతుంది. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు చాలా జిల్లాల్లో బ్యాంకుల ఆధ్వర్యంలో నడుస్తున్నాయి. అనంతపురంలోనూ ఉంది. శిక్షణ, భోజనం, బస ఉచితం. చేరే ముందు ఒకసారి ఫోన్ చేసి హాస్టలు కింద అంతస్తులోనే ఉందా, బాత్రూములోకి చక్రాల కుర్చీ వెళ్తుందా అని అడగండి. "ఆ, అన్నీ ఉన్నాయి" అంటే నమ్మకండి, ఫోటో పంపమనండి. బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బు ఇచ్చే బ్యాంకు కరస్పాండెంటు పాయింటు కూడా ఆలోచించదగ్గదే, పల్లెలో డబ్బు తీసుకోవడానికి జనం రోజూ వస్తారు. కమీషను తక్కువ, కానీ ఊరంతా గుమ్మం ముందుకొస్తుంది. పొట్టేళ్లను షెడ్డులో కట్టేసి మేపడం మీ ప్రాంతంలో లాభసాటే గానీ, మేత కోసి తెచ్చే మనిషి ఇంట్లో ఉంటేనే. అప్పుడది ఎవరి పని అవుతుందో మళ్లీ ఆలోచించుకోండి.

ఏ పని అయినా సరే, చోటు ఎక్కడన్నదే సగం వ్యవహారం. పత్తికొండ వైపు ఒకాయన కొట్టు చెబుతాను, చూసి నేర్చుకోదగ్గది. ఆయనకు కాళ్లు లేవు. ఊళ్లో కొట్లన్నీ వానాకాలం నీళ్లు రాకుండా రోడ్డుకు రెండడుగుల ఎత్తున ఉంటాయి. ఆయన కొట్టు కూడా అంతే, కానీ మెట్ల బదులు పక్కగోడ వెంబడి వాలు కట్టించుకున్నాడు. వాలుకు లెక్క ఉంది, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. రెండడుగులకు ఇరవై నాలుగు. మేస్త్రీ ఆరడుగుల్లో ముగిస్తానన్నాడట. అలా కడితే ఎక్కేటప్పుడు చక్రం వెనక్కి జారుతుంది, దిగేటప్పుడు మనిషి ముందుకు పడతాడు. లోపల నేల మీద బల్ల, దాని మీద పరుపు. రోజూ అమ్ముడయ్యేవన్నీ కూర్చుని చెయ్యి చాపితే అందే ఎత్తులో, వారానికోసారి అడిగేవి పైన. పైవాటికి చివర కొక్కెం ఉన్న వెదురుకర్ర. బరువైన బస్తాలు గుమ్మం పక్కనే, కొనేవాళ్లే తూచుకుంటారు, ఆయన కాటా వైపు చూస్తుంటాడు. కంపెనీ వ్యాన్లు రోడ్డు మీదే ఆగుతాయి కాబట్టి సరుకు కోసం టౌనుకు వెళ్లక్కర్లేదు.

ఇన్ని చూసుకున్న ఆయన కూడా చాలాకాలం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేవాడు కాదు. కొట్టు దగ్గర మరుగుదొడ్డి లేదు. ఇంటికి వెళ్లి రావాలంటే కొట్టు మూయాలి, మనిషి సాయం కావాలి. మూత్రంలో మంట వచ్చి ఆసుపత్రి పాలయ్యాక కొట్టు వెనకే చిన్న గది కట్టించారు, కూర్చునే కమోడు, పక్కన గోడకు ఇనుప కడ్డీ. ఆ గదికైన ఖర్చు ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఉండదు. మీరు మాత్రం మొదటి ఖర్చుగా రాసుకోండి. ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. కుట్టు నేర్చుకుని కూడా మండలం సెంటర్‌కు పోలేక మానేసిన అమ్మాయిలు నాకు తెలుసు, మిషను తొక్కలేక కాదు, దీనికోసమే. మిషన్ తొక్కడానికైతే దారి ఉంది. మోటారు బిగించి, కాలి పెడల్‌ను బల్ల మీద పెట్టి మోచేత్తో నొక్కుతూ కుట్టేవాళ్లున్నారు.

సరే, లోను. మీలాంటి చిన్న పెట్టుబడికి ముద్రా రుణం తేలిక. అందులో శిశు అనే విభాగం కింద 50,000 వరకు, హామీ లేకుండా. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో, అదే పీఎంఈజీపీలో, దివ్యాంగులను ప్రత్యేక కేటగిరీగా తీసుకుంటారు. సొంత వాటా నూటికి 5 చాలు, సబ్సిడీ పల్లెల్లో 35 శాతం, పట్టణాల్లో 25. వినడానికి బాగుంటుంది. అయితే మూడు సంగతులు ఎవరూ ముందుగా చెప్పరు. అది ప్రధానంగా తయారీకీ సేవలకీ, ఉత్తి కొట్టు వ్యాపారానికి కాదు. రిపేరు షాపు సేవ కింద పెట్టుకోవచ్చు. రెండోది, కొత్త యూనిట్‌కే ఇస్తారు. మీరు ఉత్సాహంతో ముందే షాపు తెరిచేస్తే తర్వాత అప్లికేషన్ పనికిరాదు. మూడోది, సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ సరిగ్గా నడిస్తేనే అప్పులో జమచేసుకుంటారు. "సబ్సిడీ వచ్చాక అది ఇచ్చేస్తాం" అని బయట వడ్డీకి తెచ్చినవాళ్లు మునిగిపోయేది ఇక్కడే. ఈ ఏడాది దరఖాస్తులు ఏ దశలో ఉన్నాయో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. వికలాంగుల కోసమే 1997లో పెట్టిన జాతీయ ఆర్థికాభివృద్ధి సంస్థ కూడా రుణాలిస్తుంది, రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ, బ్యాంకుల ద్వారా. "పది శాతం ఇస్తే నేను శాంక్షన్ చేయిస్తా" అనే మనిషి మీ మండలంలో తప్పకుండా ఉంటాడు. అతనికి టీ తాగించి పంపేయండి.

పేదరిక నిర్మూలన పథకాలన్నిటిలో 5 శాతం వికలాంగులకు, అందులోనూ ఆడవాళ్లకు ముందు ఇవ్వాలని పైన చెప్పిన 2016 హక్కుల చట్టం 37వ సెక్షన్‌లో ఉంది. ఇళ్ల స్థలాలకు, వ్యాపారం కోసం తక్కువ ధరకు ఇచ్చే స్థలాలకు కూడా ఇది వర్తిస్తుంది. మండల ఆఫీసుల్లో ఎవరూ దీన్ని తమంతట తాము ఎత్తరు. పంచాయతీ షాపులు వేలం వేస్తున్నప్పుడు, మార్కెట్ యార్డు పక్కన స్థలాలు ఇస్తున్నప్పుడు ఒక తెల్లకాగితం మీద సెక్షన్ నంబరు వేసి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అక్కడా ఇవ్వొచ్చు. అర్జీ అతనే స్వయంగా ఇస్తే బరువు వేరు.

లోను తల్లి డ్వాక్రా సంఘం పేరు మీద తీయడం అందరూ చేసే పని. వడ్డీ తక్కువ, త్వరగా వస్తుంది కాబట్టి తప్పనను. కానీ అలా చేస్తే కిస్తీలు కట్టిన మంచిపేరు తల్లికి వస్తుంది. పదేళ్ల తర్వాత కూడా బ్యాంకు దృష్టిలో మీ తమ్ముడు కొత్త మనిషే. చిన్నదైనా ఒక అప్పు అతని పేరు మీద ఉండి, అతనే తీర్చాలి.

అమ్మ భయం గురించి. దాన్ని కొట్టిపారేయకండి, అందులో అర్థముంది. 2025లో పింఛన్ల పునఃపరిశీలన పేరుతో చాలామందికి నోటీసులు వెళ్లాయి, నిజంగా కదల్లేనివాళ్లు కూడా మంచం మీద ఆసుపత్రులకు వెళ్లాల్సి వచ్చింది. అది చూసిన తల్లి "కొట్టు పెడితే బాగున్నాడనుకుంటారు" అని భయపడటంలో వింత లేదు. నిబంధన మాత్రం వేరు. వైకల్యం శాతాన్ని డాక్టరు కాళ్లు చూసి వేస్తాడు, సంపాదన చూసి కాదు. ఆదాయం షరతు విడిగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, సొంతానికి కారున్నవాళ్లు ఉన్న కుటుంబాలు కూడా పోతాయి. ఇక్కడ మీ గురించి ఒక మాట. మీరు బెంగళూరులో పన్ను కడుతున్నారు కదా, మీ పేరు ఇంకా అమ్మానాన్నల రేషన్ కార్డులోనో, సచివాలయం కుటుంబ మ్యాపింగ్‌లోనో ఉంటే పింఛనుకు అసలు ముప్పు అతని కొట్టు వల్ల కాదు, మీ వల్లే. అది ముందు సరిచేయించండి. వైకల్యం శాతం వేసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ తాత్కాలికమా, శాశ్వతమా చూడండి. తాత్కాలికమైతే గడువు ముగిసేలోపే మళ్లీ పరీక్షకు స్లాటు బుక్ చేయాలి. యూడీఐడీ కార్డు, అంటే కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, లేకపోతే తీయించండి, 80 శాతానికి నీలిరంగుది వస్తుంది. కేంద్రం పథకాలన్నిటికీ ఇప్పుడు దాన్నే అడుగుతున్నారు.

నా మటుకు నాకు ఈ ఆదాయం షరతే సరైంది కాదనిపిస్తుంది. కాళ్లున్న మనిషి 10,000 సంపాదిస్తే 10,000. మీ తమ్ముడు అంతే సంపాదిస్తే అందులోంచి బండికి, సాయం చేసే మనిషికి, మందులకు పోతుంది. ఆ అదనపు ఖర్చుకే కదా పింఛను. ప్రభుత్వాలు మారినా ఈ వాదన మేం చెబుతూనే ఉన్నాం.

ఇక ఊళ్లో లెక్కచేయకపోవడం. దీనికి నేను చూసిన పెద్ద మందు ఉపాధి హామీ పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులకు విడిగా శ్రమశక్తి సంఘాలు కట్టి, వంద రోజులకు బదులు 150 రోజుల పని ఇచ్చారు. నీళ్లు అందించడం, పిల్లల్ని చూసుకోవడం, కూర్చుని చేయగల మట్టి పని. కూలి కంటే కూడా మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పేరు పిలవడం గొప్పగా ఉండేది. పొద్దున్నే చెరువు కట్ట మీద మేటు గట్టిగా పేరు పిలిస్తే, "ఉన్నా" అని అరిచే గొంతు ఆ ఊళ్లో కొందరు అదే మొదటిసారి వినడం. అప్పటిదాకా ఆ మనిషి ఫలానావాళ్ల ఇంట్లో లోపలి గదిలో ఉండే కుంటి పిల్లాడు. పని మొదలైన రెండో వారానికి ఒకామెతో గొడవపడేవాళ్లు, ఇంకొకాయన దగ్గర బీడీ అడిగేవాళ్లు వచ్చారు. గొడవ పడుతున్నారంటే మనిషిగా చూస్తున్నట్టే.

మీ తమ్ముడికి ఇప్పుడు ట్రైసైకిల్ ఉందన్నారు. చేతితో తిప్పేదైతే మీ ఊరి ఎర్రమట్టి రోడ్డు మీద కిలోమీటరు పోయేసరికి భుజాలు పడిపోతాయి. కేంద్రం ఉపకరణాల పథకంలో 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు బ్యాటరీ ట్రైసైకిల్ ఇస్తారు. నెల ఆదాయం 22,500 లోపు ఉంటే పూర్తి సాయం. క్యాంపు ఎప్పుడో జిల్లా వికలాంగుల శాఖలో కనుక్కోండి. దాంతోపాటు మడతపెట్టే చక్రాల కుర్చీ కూడా అడగండి. ట్రైసైకిల్ వీధి వరకే, ఇంటి గడప దాటదు. బంధువుల పెళ్లికి వెళ్తే మండపం బయట ట్రైసైకిల్ మీద కూర్చుని ఉండాలి, లేదా ఇద్దరు ఎత్తుకుని లోపల పెట్టాలి. 28 ఏళ్ల మనిషిని అందరి ముందూ ఎత్తుకోవడం అతనికి ఎలా ఉంటుందో మీరెప్పుడైనా అడిగారా? "పిలిచినా రాడు" అని మీరు రాసింది దీనివల్లే కావచ్చు. ఈసారి మీ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా కింద అంతస్తులో ఉన్న హాలు బుక్ చేయండి. చదివింపులు రాసే పుస్తకం అతని చేతికివ్వండి. వచ్చిన ప్రతి బంధువూ అతని ముందు నిలబడి పేరు చెప్పాల్సిందే.

సచివాలయానికీ బడికీ ర్యాంపు లేకపోతే అడగడం దానధర్మం అడగడం కాదు. భవనాల్లో అందరికీ ప్రవేశం కల్పించే ప్రమాణాలు తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో తేల్చింది. దానికి ఆధారమైన నివేదిక తయారు చేసింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వికలాంగుల అధ్యయన కేంద్రమే. గ్రామసభకు మీ తమ్ముణ్ని వెళ్లమనండి, మొదట ర్యాంపు గురించి, తర్వాత రోడ్డు గురించి, కుళాయి గురించి. అందరి సమస్యలూ మాట్లాడేవాణ్ని జనం తొందరగా తమవాడనుకుంటారు. తమిళనాడు 2025లో స్థానిక సంస్థల్లో వికలాంగులను సభ్యులుగా నామినేట్ చేసే చట్టం తెచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటిది రావాలి.

ఒంటరిగా ఇదంతా కష్టం. వికలాంగుల పొదుపు సంఘానికి పదిమంది అక్కర్లేదు, ఐదుగురు చాలు, మగా ఆడా కలిసి ఉండొచ్చు. పక్క ఊళ్లవాళ్లనూ కలుపుకోండి. మీరు అనంతపురం జిల్లా కాబట్టి ఇంకో సౌకర్యం ఉంది. విసెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ చాలా ఏళ్లుగా వికలాంగుల సంఘాలతో పనిచేస్తోంది, మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో వాళ్ల సంఘం ఉండే అవకాశం ఎక్కువ. సంఘంలో పొదుపు కంటే పనికొచ్చేది కబుర్లు. ఏ డాక్టరు సరిగ్గా చూస్తాడు, ఏ మేనేజరు లోను ఇస్తాడు, ఏ బస్సులో కండక్టరు పాసు చూసి విసుక్కుంటాడు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

మీ ప్రశ్న కింద ఎవరో బొల్లా శ్రీకాంత్ గారి కథ పెట్టి "చూపు లేకపోయినా ఎమ్ఐటీలో చదివి కంపెనీ పెట్టాడు, మీ తమ్ముడూ చేయగలడు" అని రాశారు. ఆయన నిజంగా గొప్పవాడు. కానీ ఆ కథలో నేను చూసేది వేరు. పదో తరగతి అయ్యాక సైన్సు గ్రూపు ఇవ్వనన్నది బోర్డు నిబంధన. కోర్టుకు వెళ్తే గానీ సీటు రాలేదు. అడ్డం వచ్చింది నిబంధన, అది పక్కకు జరిగాక ఆయన దారి ఆయన చూసుకున్నాడు. పల్లెలో ఉన్న కుర్రాణ్ని ఆయనతో పోల్చి ఉత్సాహపరచబోతే "నేను పనికిరానివాణ్ని" అన్న భావమే మిగులుతుంది. మీ తమ్ముడు నెలకు ఎనిమిది వేలు సంపాదించి, సాయంత్రం స్నేహితులతో టీ తాగి ఇంటికొస్తే చాలు, నాకైతే అది విజయమే.

ఉద్యోగం కూడా పూర్తిగా వదలొద్దు. ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషను, పదేళ్ల వయసు సడలింపు ఉన్నాయి. జిల్లాల్లో బ్యాక్‌లాగ్ పోస్టుల నోటిఫికేషన్లు అప్పుడప్పుడూ వస్తుంటాయి. డిగ్రీ దూరవిద్యలో పూర్తిచేస్తే అవకాశాలు పెరుగుతాయి. ప్రైవేటులో చేరాలంటే శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపించే యూత్ ఫర్ జాబ్స్ లాంటి సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి. మీరు బెంగళూరులోనే ఉన్నారు కదా, లిఫ్టు ఉన్న ఇంట్లో ఉంటే అతన్ని ఒక నెల రోజులు మీ దగ్గర ఉంచుకుని చూడండి. మెట్రో ఎక్కించండి. ఊళ్లో కొట్టే కావాలంటాడో, వేరేది అడుగుతాడో అప్పుడు తెలుస్తుంది.

కింద ఇంకొకరు బుద్ధిమాంద్యం ఉన్న తమ కూతురి గురించి అడిగారు. దానికి విడిగా రాయాలి, ఇక్కడ రెండు ముక్కలు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో ఏ పని నేర్పవచ్చో అంచనా వేసి చెబుతారు. పద్దెనిమిది నిండాక సంరక్షకుల నియామకానికి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉంటుంది, దరఖాస్తు అక్కడే. నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, అది వెంటనే చేయించండి. ఆ అమ్మాయి ఏమీ సంపాదించకపోవచ్చు. అయినా ఓటరు జాబితాలో, రేషన్ కార్డులో, గుడి ప్రసాదం పంచేచోట పేరు ఉండాలి. ఊళ్లో చోటు సంపాదనను బట్టి ఇచ్చేది కాదు.

మీకు ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే నాకు కొన్ని తెలియాలి. కొట్టు అనుకుంటున్న చోటు రోడ్డుకు ఎంత ఎత్తులో ఉంది, దగ్గర్లో మరుగుదొడ్డి ఉందా, సర్టిఫికెట్ శాశ్వతమా, మీ పేరు రేషన్ కార్డులో ఇంకా ఉందా. వీటికి జవాబులు మీ తమ్ముణ్నే రాయమనండి. టైపు చేయడం చిరాకైతే వాయిస్ మెసేజ్ పెట్టినా సరే, నేను వింటాను.